మోగని బజరు

పోయినవారం పెద్దకోడల్ని షాపు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఎదురుగా చిన్నోడు, వాడి చంకలో పాత తువ్వాలులో చుట్టిన పెట్టె. "దీన్ని ఒక్కసారి విప్పి చూడు వదినా. ఆ తర్వాత నా మొహం నీకు కనపడదు" అన్నాడు వాడు. అక్కడ ఆగాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను, మొదట్నించీ చదువుతున్నవాళ్ళు విసుక్కోకండి. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా గ్యాసు లీకై పెద్దకోడలి భర్త పోయాడు. చిన్నోడు ఆయన తమ్ముడు, అదే ఫ్యాక్టరీలో మెకానిక్కు. గ్యాసు వాసన తగలగానే మోగాల్సిన బజరు ఆ రోజు మోగలేదు. అయితే ఆ బజరుని నడిపే చిన్న కంప్యూటరు బోర్డు మాత్రం 'బజరు మోగించాను' అని తన చిప్పులో రాసి పెట్టుకుంది. విచారణకొచ్చిన వాళ్ళు బోర్డు చూశారు, బాగుంది. బజరు చూశారు, బాగుంది. అంటే ఎవరో వైరు పీకి, పని అయ్యాక మళ్ళీ తగిలించారని తేల్చారు. అందరికంటే ముందు లోపలికి పరిగెత్తి అన్నని భుజాన వేసుకొచ్చినవాడు చిన్నోడు. అదే వాడి నేరమైపోయింది.

ఒక్క అదే అయితే బయటపడేవాడేమో. విచారణలో పెద్దకోడల్ని పిలిచి అడిగారు. "ఆ మోత వింటే తల పగిలిపోతోందని మా మరిది అనేవాడండీ. ఒకసారి బజరు నోట్లో గుడ్డ కుక్కాడు కూడా" అంది ఆవిడ. నన్నడిగితే అందులో అబద్ధం లేదు. గుడ్డ కుక్కిన మాట నిజం, అన్న చేత తిట్లు తిని తీసేసిన మాటా నిజం. ఆవిడ మొదటి సగమే చెప్పి ఊరుకుంది. ఆ సగం చాలు మనిషి బతుకు తగలెయ్యడానికి. ఉద్యోగం పోయింది. కన్నతల్లి మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, వాడు లోపలికొస్తే ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. ఇవాళ సాయంత్రం బస్సుకి వాడు వేరే ఊరు పోతున్నాడు, తిరిగొచ్చే ఉద్దేశం లేకుండా.

షాపులో పెద్దకోడలు ఒక్కతే పనిలో ఉంది. ఓనరు పెద్దాయన సామాన్లు తేవడానికి వెళ్ళాడు. చిన్న చిన్న బోర్డులకి ప్రాణం పోసే షాపు అది. బల్ల మీద సోల్డరింగు కడ్డీ, భూతద్దం, డబ్బాల నిండా మరలు. బయట పొద్దున్నించీ సన్నగా వాన. మధ్యాహ్నమే అయినా లైటు వెయ్యకపోతే పని కనపడటం లేదు.

"ఎక్కడిది ఇది?" అంది, కూర్చోమనకుండా.

"ఫ్యాక్టరీలో కొత్త బజరు పెట్టెలు బిగించారు. పాతవన్నీ తుక్కులో పడేశారు. స్టోర్సులో ఆయన నన్ను చూసి ఇచ్చాడు. జాలిపడ్డాడో, వదిలించుకున్నాడో మరి." అంతమాత్రానికే చిన్నోడికి దగ్గొచ్చింది. అన్నని మోసుకొచ్చిన రోజు పట్టుకున్న దగ్గు, ఇంకా వదల్లేదు.

"విచారణ వాళ్ళు చూశారుగా. ఇంకా నేను చూసేదేముంది?"

"వాళ్ళేం చూశారు వదినా? బజరుని విడిగా బ్యాటరీకి కలిపారు, మోగింది. వైరు విడిగా చూశారు. బోర్డు విడిగా చూశారు. అన్నీ కలిపి, గ్యాసు వాసన చూపించి, మోగుతుందా లేదా అని ఒక్కడు చూశాడా? అలా చూడండి బాబూ అన్నందుకు, నువ్వు మాకు చెప్పేదేంటన్నారు."

"మోగితే?"

"మోగితే నేనే పీకాననుకో. సాయంత్రం బస్సెక్కి పోతా."

పెద్దకోడలు పెట్టె అందుకుంది. వాడి మీద జాలితో మాత్రం కాదు. నెలల తరబడి ఆ మనిషి కడుపులో ఒకటే మంట. మొగుడు పోయిన బాధకి ఒక మొహం కావాలి, ఆ మొహం చిన్నోడిది. అది మోగి తీరుతుందని ఆవిడకి గట్టి నమ్మకం. వాడి ఎదురుగా మోగించి, పో ఇక, అనాలని ఉంది.

మూత తీసింది. అరచేతిలో పట్టే బోర్డు, దాని పిన్నుల మీద టోపీలా కూర్చున్న, లెక్కలు దాచుకునే చిన్న ఫ్లాష్ స్టోరేజీ కార్డు. ఆ కార్డుని చూడగానే చేతులు ఆగాయి. అది ఆవిడ పెట్టిందే. ఫ్యాక్టరీలో కరెంటు పోయొచ్చినప్పుడల్లా బోర్డులో మెమరీ కార్డు పాడైపోతోందని, రాసుకున్న లెక్కలన్నీ పోతున్నాయని మొగుడు తెగ నస పెట్టేవాడు. "షాపులో ఊరి బోర్డులన్నీ బాగుచేస్తావు, మొగుడి బోర్డు మాత్రం నీ కంటికి ఆనదు" అని దెప్పేవాడు. సరే తెచ్చి తగలెయ్యమంది. తెచ్చాడు. కరెంటు పోయినా చెక్కు చెదరని చిప్పొకటి తగిలించి ఇచ్చింది. అదే ఆఖరుసారి ఆయన ఈ షాపులోకి రావడం.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు."

వైరు ఉండాల్సిన చోటే ఉంది. బజరు కలిపింది, కరెంటు ఇచ్చింది. కార్డు మీద చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది. పక్కన తెర మీద బోర్డు లేచి కూర్చున్నట్టు వరసలు వచ్చాయి. నేల తుడిచే మందు సీసా కింద ఉంది, ఘాటైన అమ్మోనియా మందు. దూది దాంట్లో ముంచింది. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి ఆవిడకి కళ్ళు తిరిగినంత పనైంది. మొగుడి చొక్కాల్లో ఉండే వాసన అది. పోయాక చొక్కాలు ఉతకడానికి మనసొప్పక చాలాకాలం అలాగే ఉంచుకుంది.

దూది తీసుకెళ్ళి గ్యాసు పసిగట్టే బిళ్ళ దగ్గర పెట్టింది. తెర మీద అంకె పెరిగింది. ఇంకా పెరిగింది. ఎర్రగా మారింది. 'బజరు మోగించాను' అని వచ్చింది. దాని కింద మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే.

షాపులో వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వైరు నొక్కి చూసింది. బజరు తిప్పి చూసింది. దూది ఇంకా దగ్గరగా పెట్టింది. బోర్డు మాత్రం మోగించాను, మోగించాను అని రాసుకుంటూనే ఉంది. చిన్నోడు గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు. వాడు ఎగిరి గంతేస్తాడని మీరనుకుని ఉంటారు. మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"ఆ రోజూ ఇంతే వదినా," అన్నాడు. "లోపల ఇంత నిశ్శబ్దంగానే ఉంది. అన్నయ్య పడిపోయి ఉన్నాడు, ఏ చప్పుడూ లేదు. చెబితే ఒక్కరూ నమ్మలేదు."

ఇన్నాళ్ళూ ఈ పిల్లాణ్ణి ఆడిపోసుకున్న మాటలన్నీ పెద్దకోడలికి గుర్తొచ్చాయి. దూది డబ్బాలో పడేసి మూత పెట్టింది, తలుపు తెరిచి గాలి రానిచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి.

చిన్నోడు లేచి మొహం తుడుచుకున్నాడు. "అమ్మని తీసుకొస్తా."

"ఆగు చిన్నా. ముందు ఎందుకు మోగలేదో చూడనీ."

"ఎందుకో నీకు కావాలి. నాకు అక్కర్లేదు. నేను పీకలేదని అమ్మ తన కళ్ళతో చూస్తే నాకదే చాలు. ఈ ఒక్క పని చేసిపెట్టు వదినా, దీన్ని ఇలాగే ఉంచు." బ్యాగు గుమ్మం పక్కన పెట్టేసి వానలోనే పరిగెత్తాడు. పక్కవీధే వాళ్ళ ఇల్లు. అంత దగ్గులోనూ పరిగెత్తాడు.

ఇలాగే ఉంచమన్నాడు. ఉంచి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. కానీ చేతిపని తెలిసినవాళ్ళకి చెడిపోయిన వస్తువు ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు. అందులోనూ పెద్దకోడలికి లోపల ఏదో గీరుతోంది. కార్డు మీద ఆ ఆకుపచ్చ లైటు మిణుకుమంటుంటే దాన్నించి చూపు తిప్పుకోలేకపోతోంది.

బోర్డు స్టార్టయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగులు తెరిచింది. అన్నిటికంటే కింద, తన చేత్తో రాసిన వరస ఉంది. పిన్నుల మీద కార్డు పెట్టినంత మాత్రాన బోర్డుకి అది ఉన్నట్టు తెలియదు. ఇదిగో ఇక్కడ చిప్పు ఉంది, దీన్ని వాడుకో అని ఒక వరసలో చెప్పాలి. చెబితే బోర్డు కొన్ని పిన్నుల్ని ఆ చిప్పుకి అప్పగించేస్తుంది. ఏ పిన్నులో ఆవిడకి తెలుసు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయింది. చివరి పిన్ను దగ్గర వేలు ఆగింది. రెండో చిప్పు ఎప్పుడైనా తగిలిస్తే దానికోసమని బోర్డు పట్టి ఉంచే పిన్ను అది. రెండో చిప్పు లేదు. ఎవరూ వాడుకోరు, అయినా బోర్డు దాన్ని ఇంకెవరికీ ఇవ్వదు. బజరు వైరు ఉన్నది సరిగ్గా ఆ పిన్నుకే.

కాదు, అనుకుంది. ఆ రోజు నేను బజరు మోగించి చూశాను. నా చెవులతో విన్నాను.

నిజమే, విన్నది. ఇక్కడే ఆ మహాతల్లి చేసిన పని చెప్పాలి. ఆ రోజు మొగుడు డ్యూటీకి ఆలస్యమైపోతోందని బయట బండి స్టార్టు చేసి, "అయిందా, అయిందా" అని గుమ్మంలోంచి కేకలు. ఆవిడ కార్డు తగిలించింది, వరస రాసింది, బజరు మోగించి చూసింది. మోగింది. ఆపేసి, పెట్టె మూసి చేతిలో పెట్టింది. రాసిన వరసని బోర్డు చదివేది మళ్ళీ స్టార్టు చేసినప్పుడే. ఆవిడ పరీక్ష చేసింది అంతకుముందే. మళ్ళీ స్టార్టయింది ఫ్యాక్టరీలో, గోడకి బిగించాక. అప్పట్నించీ ఆ బజరుకి గొంతు లేదు. ఆపి, మళ్ళీ స్టార్టు చేసి, అప్పుడు నమ్మండి అని ఓనరు పెద్దాయన రోజూ చెప్పే మాట. కొత్తగా చేరినవాళ్ళకి ఆ మాట ఈవిడే అప్పజెప్పేది.

ఇంకా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఆ వరస ముందు ఒక గుర్తు పెడితే బోర్డు దాన్ని వదిలేసి చదువుతుంది. గుర్తు పెట్టింది. ఈసారి ఆపి, మళ్ళీ స్టార్టు చేసింది. ఆకుపచ్చ లైటు వెలగలేదు. దూది తీసి బిళ్ళ దగ్గర పెట్టింది.

బజరు మోగింది.

షాపంతా దద్దరిల్లేలా మోగింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత మోత. మొగుడు ఎక్కడున్నా, గదిలో ఏ మూలనున్నా, చెవిన పడి బయటికి పరిగెత్తి ఉండేవాడు. ఆవిడ దాన్ని ఆపలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి వింటూ ఉంది. ఏడుపు కూడా రాలేదు. నేనే చంపుకున్నాను, నేనే చంపుకున్నాను అని లోపల ఒకటే మాట. చిన్నోడి మీద నెలలుగా పెంచుకున్న కోపమంతా వెనక్కి తిరిగి తన మీద పడింది. వాసన తగ్గాక బజరు దానంతటదే ఆగింది.

ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆవిడ మీద నాకు కోపం రాలేదు, మీకూ రాకూడదని నా కోరిక. గుర్తు తీసేసి, మళ్ళీ స్టార్టు చేసి ఊరుకుంటే పెట్టె మోగదు. చిన్నోడు బయటపడతాడు, అత్తగారు కొడుకుతో మళ్ళీ మాట్లాడుతుంది, తప్పు ఊరూపేరూ లేని బోర్డు మీదకి పోతుంది. ఎందుకు మోగలేదని అడిగితే తెలియదంటే సరి. సరే, అలాగే చేద్దాం అనుకుంది. అనుకుని మీట మీద వేలు పెట్టేసరికి గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది.

అత్తగారు. ఇల్లు కదిలి ఎన్నాళ్ళయిందో ఆ మనిషి. చిన్నోడి చెయ్యి పట్టుకోలేదు, గోడ పట్టుకుని మెట్లెక్కింది. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, కొడుకు జరిపిన కుర్చీ వంక చూడకుండా నిలబడింది.

"దారంతా కాళ్ళావేళ్ళా పడ్డాడు. నువ్వు కూడా చూశావన్నాడు. నీ మీద నమ్మకంతో వచ్చానమ్మా," అంది కోడలితో. "లేకపోతే వీడి మాట మీద గడప దాటేదాన్ని కాదు."

"అత్తయ్యా, మీరు కాసేపు కూర్చోండి. నేను దీన్ని ఒకసారి..."

"అక్కర్లేదు వదినా, నేను చూపిస్తాను," అన్నాడు చిన్నోడు. వాడి మొహంలో అంత వెలుగు ఆవిడ పెళ్ళయి వచ్చిన కొత్తలో చూసింది, మళ్ళీ ఇప్పుడే. ఆగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ అనలేదు. వాడు దూది మళ్ళీ మందులో ముంచి తీశాడు. "చూడమ్మా. వైరు ఇదిగో, తగిలించే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అయినా మోగదు, చూడు."

దూది బిళ్ళ దగ్గర పెట్టాడు. బజరు మోగింది.

వాడు దూది వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టాడు. మోగుతూనే ఉంది. వాడు బజరు వంక చూశాడు, వైరు వంక చూశాడు, తల్లి వంక మాత్రం చూడలేకపోయాడు. పెద్దకోడలు చెయ్యి చాచి కరెంటు తీసేసింది.

"అయిందా?" అంది అత్తగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ముసలిదాన్ని ఇంతదూరం నడిపించి, దాని మోత నాకు వినిపించావు. నా పెద్దాడు వినాల్సిన మోత. చాలు నాయనా. బస్సు టైమైతే వెళ్ళు."

"అమ్మా, ఇందాక..."

"ఇందాక ఏంటి? ఇప్పుడు వదిన మీద పెడతావా? నీ అన్న పోయాక నాకు ఇంట్లో మిగిలింది ఈ పిల్లొక్కతే. దీని జోలికి రాకు."

చిన్నోడి కళ్ళు బోర్డు మీద ఆగాయి. ఇందాక మిణుకుమన్న ఆకుపచ్చ లైటు బజరు మోగుతున్నప్పుడు లేదు. ఆ సంగతి వాడికి ఇప్పుడు తట్టింది. బోర్డుల పని వాడికి రాదు కానీ బుర్ర లేనివాడు కాదు. ఆ కార్డు తగిలించినరోజు బండి మీద అన్న వెనకాల కూర్చుని ఫ్యాక్టరీకి వెళ్ళింది వాడే, పెట్టె ఒళ్ళో పెట్టుకుని. తలెత్తి వదిన మొహం చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. దాచుకునే ఓపిక లేదు ఆ మొహంలో.

వాడి మొహంలో మొదట కోపం వచ్చింది, అది ఆవిడకి కనిపించింది. తర్వాత తల్లిని చూశాడు, గోడ పట్టుకుని నిలబడ్డ ఆ వేళ్ళని చూశాడు.

"అవునమ్మా," అన్నాడు. "మోగింది. నాదే పొరపాటు." వెళ్ళి బ్యాగు అందుకున్నాడు.

"పద తల్లీ, ఇంటికి పోదాం," అని అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. చల్లటి చెయ్యి, అయినా గట్టిగా పట్టుకుంది. పెద్దకోడలు రెండడుగులు వేసింది కూడా. గుమ్మం దాకా వచ్చాక ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆ బజరు నోరు నొక్కింది చిన్నా కాదు."

అత్తగారు తిరిగి చూసింది. "మరెవరు?"

మెట్ల మీద చిన్నోడు ఇటు తిరగలేదు. "వదినా, వద్దు," అన్నాడు వానలోకి చూస్తూ.

అత్తగారు వాడి వీపు వంకా, కోడలి మొహం వంకా మార్చి మార్చి చూసింది. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది. వెనక్కి నడిచి, ఇందాక కొడుకు జరిపితే కన్నెత్తి చూడని కుర్చీలో కూర్చుంది.

"మీ ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పండి," అంది. "వినేదాకా నేను ఇక్కణ్ణించి కదలను."